తేటనీరు – అడుగుమన్ను

విద్యార్థులారా! మన ధరూరు మండలములో రేవులపల్లియొద్ద కృష్ణానదికి అడ్డముగా కట్టబడిన జూరాల ప్రాజెక్టును మీలో అనేకులు చూచియున్నారు. వర్షకాలమున గేట్లు ఎత్తినప్పుడు ఎఱ్ఱని బురదనీరు నురుగులు గ్రక్కుచు దుముకును. శీతకాలము వచ్చునప్పటికి ఆ నీరే నిలిచి, తేరి, అద్దమువలె కనబడును. నీరు తేరినదని మనము సంతోషింతుము గాని, అందులోని బురద ఏమైనదని అడుగువారు తక్కువ. అది ఎక్కడికిని పోలేదు. జలాశయపు అడుగున పొరమీద పొరగా కూర్చున్నది.

ఇట్లు కూర్చున్న మంటిని మన రైతులు పూడిక యనియు, ఒండ్రు అనియు చెప్పుదురు. 1981లో శంకుస్థాపన జరిగి 1995లో ప్రారంభింపబడిన జూరాల జలాశయమున మొదట 11.94 టి.యం.సి.ల నీరు పట్టునని లెక్కవేసిరి. ఒక టి.యం.సి. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. పూడిక చేరుటచేత ఆ లెక్క ఇప్పుడు 9.66 టి.యం.సి.లకు తగ్గినది. తుంగభద్రమీద 1953లో పూర్తియైన పెద్ద ఆనకట్టకును ఇట్టి గతియే పట్టినది. మొదట 132 టి.యం.సి.లకు పైగా పట్టిన ఆ జలాశయమున 105.79 టి.యం.సి.లు మాత్రమే పట్టునని 2016 కొలతలో తేలినది.

నీరు పోయిన చోటును మన్ను ఆక్రమించినది. ఆ మంటితోకూడ మరి యేమేమి వచ్చి చేరును? ఇదియే నేటి పాఠము. జలాశయములోని నీరు ఏటేట మారిపోవును. అడుగుమన్ను తరములపాటు నిలుచును. నదిగట్టున మనుష్యులు చేసిన పనులకు నీటికంటె మన్నే ఎక్కువ కాలము సాక్ష్యమిచ్చును. ముఖ్యముగా భారలోహములు అనబడు పదార్థములు తేటనీటిలో కనబడకపోయినను అడుగుమంటిలో దాగియుండి, సమయము వచ్చినప్పుడు మరల నీటిలోనికిని, చేపలలోనికిని, మన యన్నములోనికిని రాగలవు. సముద్రతీరమందలి జలాశయములకు ఈ యపాయము మరింత హెచ్చు. దాని కారణములను క్రమముగా చూతము.

1. భారలోహములనగా నేవి?

సీసము, పాదరసము, కాడ్మియము, క్రోమియము, నికెలు, రాగి, జింకు మొదలగునవి భారలోహములు. ఆర్సెనిక్ అనునది పూర్తిగా లోహము కాకపోయినను, దాని విషగుణమునుబట్టి దానినికూడ వీనితోనే చేర్చి చెప్పుదురు. వీనిలో రాగియు జింకును మితముగా మన శరీరమునకు కావలసినవే. సీసము, పాదరసము, కాడ్మియము అను మూటికిని మన దేహములో ఏ పనియు లేదు. సీసము పసిపిల్లల మెదడు ఎదుగుదలను చెరచును. కాడ్మియము మూత్రపిండములను, ఎముకలను పాడుచేయును. పాదరసము నరములను దెబ్బతీయును. అందుచేత త్రాగునీటిలో లీటరునకు సీసము 0.01 మిల్లీగ్రాము, కాడ్మియము 0.003 మిల్లీగ్రాము, పాదరసము 0.001 మిల్లీగ్రాము మించరాదని భారతీయ ప్రమాణములలో నిర్ణయించిరి. ఇంత స్వల్పమైన పాళ్లను కంటితోగాని నాలుకతోగాని ఎవరును గుర్తింపజాలరు.

ఇతర మాలిన్యములకును వీనికిని ఒక గొప్ప భేదము గలదు. పేడయు, కుళ్లిన ఆకులును, చచ్చిన పురుగులును నీటిలో పడినయెడల సూక్ష్మజీవులు వానిని తిని విడగొట్టును. కొంతకాలమునకు నీరు తనంతట తాను బాగుపడును. లోహము మూలపదార్థము. దానిని కాల్చినను, పూడ్చినను, నీటిలో కలిపినను అది నశింపదు. రూపము మారును, చోటు మారును, అంతియే. తల్లిదండ్రులు గమనింపవలసిన సంగతి యొకటి యిక్కడ గలదు: నీటిని కాచుటవలన క్రిములు చచ్చును గాని లోహము తొలగదు. నీరు కొంత ఆవిరియై పోవుటచేత మిగిలినదానిలో దాని పాలు కొంచెము హెచ్చును కూడ.

2. అవి ఎక్కడనుండి వచ్చును?

కొంత భాగము ప్రకృతిలోనిదే. రాళ్లు అరిగి మన్నగునప్పుడు వానిలోని లోహములును మంటిలో చేరును. తక్కినది మనుష్యుల పనివలన వచ్చునది. బ్యాటరీలను పగులగొట్టి సీసము కరగించు చోట్లు, తోళ్లు ఊనబెట్టు చోట్లు, లోహములకు పూత వేయు కార్ఖానాలు, రంగుల పరిశ్రమలు, గనులు, బొగ్గు బూడిద మొదలగునవి దీనికి మూలములు. ఫాస్ఫేటు ఎరువులలో కాడ్మియము కొద్దికొద్దిగా ఉండును. మన దేశమున 2000 సంవత్సరము వరకు పెట్రోలులో సీసము కలిపి అమ్ముచుండిరి. ఆ పొగలోని సీసము రోడ్లమీద రాలి వాననీటితో చెరువులకు చేరినది. హైదరాబాదులో 16వ శతాబ్దమున త్రవ్వబడిన హుస్సేన్‌సాగరమును చూడుడు. ఒకప్పుడు పట్టణమునకు త్రాగునీరిచ్చిన ఆ చెరువులోనికి కూకట్‌పల్లి నాలాద్వారా కార్ఖానాల నీరును మురుగును చేరగా, దాని అడుగుమన్ను లోహములకు కొట్టాయియైనది.

మనది పల్లెటూరు, కార్ఖానాలతో మనకేమి పని యని అనుకొనరాదు. పుణె పట్టణపు నీరు భీమానదిలో కలియును. సాంగ్లీ కృష్ణ ఒడ్డుననే యున్నది. ఆ భీమయు కృష్ణయు ఏకమై జూరాలకు వచ్చును. నదికి జిల్లాల పొలిమేరలు తెలియవు.

3. మన్ను లోహములను ఎట్లు పట్టుకొనును?

ఇసుక, ఒండ్రు, బంకమన్ను అను మూడింటిలో బంకమంటి రేణువులు మిక్కిలి సన్ననివి. ఒక రాయిని పొడిచేసినకొలది దాని పైభాగపు వైశాల్యము పెరుగునుగదా. అట్లే ఒక గుప్పెడు బంకమంటిలోని రేణువుల వైశాల్యమంతయు కలిపినచో అది విశాలమైన పొలమంత యగును. అంతేకాక ఈ రేణువులు ఋణవిద్యుత్తు కలవి. నీటిలో కరగిన లోహములు సాధారణముగా ధనవిద్యుత్తు కలవి. కావున ఒకదానినొకటి ఆకర్షించుకొనును. మంటిలోని ఇనుపత్రుప్పు పూతయు, కుళ్లిన ఆకుల జిగురును ఈ పనికి తోడ్పడును. కావుననే నీటిలో లోహము కొద్దిగానున్న చోట అడుగుమంటిలో దానికి వేలరెట్లు ఉండవచ్చును.

దీనిని పాఠశాలలో ఒక చిన్న ప్రయోగమున చూపవచ్చును. రెండు గాజుసీసాలలో నీరు పోసి, పుండ్లకు పూయు ఊదారంగు జెన్షియన్ వయొలెట్ మందును ఒక్కొక్క చుక్క వేయుడు. ఒకదానిలో మెత్తగా నూరిన నల్లరేగడిమన్ను రెండు చెంచాలు వేసి బాగుగా కుదిపి, మరునాటివరకు కదలనీయక ఉంచుడు. మన్ను లేని సీసా ఊదాగానే యుండును. మన్ను వేసిన సీసాలో పైనీరు దాదాపు తెల్లబడి, రంగు అడుగునకు చేరును. ఆ రంగు నశించినదా? లేదు, మన్ను దానిని పట్టుకొన్నది. పైనీటిని మాత్రమే చూచువాడు ఆ సీసాలో ఎన్నడును రంగు వేయలేదనును.

4. పట్టుకొన్నదానిని ఎప్పుడు విడుచును?

మన్ను శాశ్వతమైన చెరసాల కాదు. నాలుగు కారణములచేత తలుపు తెరచుకొనును.

మొదటిది, ప్రాణవాయువు కొఱత. మురుగు ఎక్కువై అడుగున కుళ్లినప్పుడు నీటిలోని ప్రాణవాయువు ఖర్చగును. అప్పుడు ఇనుపత్రుప్పు కరగి, దానికి అంటుకొనియున్న ఆర్సెనిక్ మొదలగునవి నీటిలోనికి వచ్చును. అట్టి గాలిలేని బురదలోనే కొన్ని సూక్ష్మజీవులు పాదరసమును మిథైల్ పాదరసము అను మరింత క్రూరమైన విషముగా మార్చును. దీనిని చిన్నపురుగులు తినును, చిన్నచేపలు పురుగులను తినును, పెద్దచేపలు చిన్నవానిని తినును. మెట్టు మెట్టునకు విషము చిక్కబడును.

రెండవది, పులుపు. ఆమ్లము కలిసిన కార్ఖానానీరు వచ్చినయెడల రేణువులు లోహములను వదలును.

మూడవది, ఉప్పు. ఇది సముద్రతీరమునకు ప్రత్యేకమైనది. సముద్రపు నీరు లోపలికి వచ్చినప్పుడు అందులోని సోడియము, మెగ్నీషియము మొదలగునవి రేణువులమీద చోటు ఆక్రమించుకొనును. క్లోరైడు కాడ్మియమును తనతో జతపరచుకొని నీటిలోనికి లాగును. మరియొక వింత గలదు. మంచినీటిలో విడివిడిగా తేలెడు బంకరేణువులు ఉప్పునీరు తగిలినంతనే గుంపులుగా కూడి వేగముగా అడుగుకు దిగును. అందుచేతనే నదీముఖములలో బురద ఎక్కువగా పేరుకొనును. నది తెచ్చిన సరకంతయు అక్కడ దిగుమతి యగును. అందులో కొంత అక్కడనే విడుదల యగును.

నాలుగవది, కదలిక. వరద వచ్చినను, ఎరుక లేక పూడిక తీసినను, ఏండ్లతరబడి నిద్రించుచున్న పొర లేచి గాలిని తాకి, లోహమును మరల నీటికిచ్చును.

5. కొల్లేరు కథ

మనయొద్ద తేరిన కృష్ణనీరు శ్రీశైలము, నాగార్జునసాగరము, పులిచింతల దాటి, విజయవాడలోని ప్రకాశం బరాజు చేరి, హంసలదీవియొద్ద సముద్రమున కలియును. ఆ కృష్ణా డెల్టాకును గోదావరి డెల్టాకును నడుమనున్న పల్లములో కొల్లేరు సరస్సు గలదు. ఇది మనుష్యులు కట్టినది కాదు. అయినను వరదనీటిని పట్టి నెమ్మదిగా విడుచు పెద్ద జలాశయమువలె పనిచేయుచున్నది. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులును, డెల్టా మురుగుకాలువలును ఇందులో పడును. సముద్రమునకు దారి ఉప్పుటేరు ఒక్కటే. అది సుమారు 60 కిలోమీటర్లు పారి బంగాళాఖాతమున కలియును. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర దీనిని పక్షుల రక్షణస్థలముగా ప్రకటించిరి. 2002లో ఇది రామ్‌సార్ ఒడంబడిక పట్టికలో చేరినది.

దీని దురదృష్టమంతయు దీని యునికిలోనే యున్నది. విజయవాడ, ఏలూరు, గుడివాడ పట్టణముల మురుగును, కార్ఖానాల నీరును, పొలముల ఎరువులును, చేపలచెరువుల మేతయు మందులును పల్లమునకే దిగును. 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లుపడి విజయవాడను ముంచినప్పుడు ఆ వరదయు చివరకు కొల్లేటికే నడచినది. ఇట్లు వచ్చు నీటికి బయటికి పోవు దారి ఇరుకు. నీరు నిలిచినచోట బురద దిగును. బురదతో లోహములు దిగును. పరిశోధకులు కొల్లేటి అడుగుమంటిలోను చేపలలోను సీసము, కాడ్మియము మొదలగువానిని కనుగొని ప్రకటించియున్నారు. వేసవిలో సరస్సు తగ్గినప్పుడు ఉప్పుటేటి గుండ సముద్రపు నీరు ఎగదన్నును. అనగా మనము పైన చెప్పుకొన్న నాలుగు కారణములును ఈ ఒక్క చోటనే కూడుచున్నవి.

కొల్లేటికి సమీపమందలి ఏలూరులో 2020 డిసెంబరున ఐదువందలమందికి పైగా జనులు ఆకస్మికముగా మూర్ఛలతో పడిపోయిరి. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు రోగుల రక్తమున సీసము, నికెలు ఉన్నవని చెప్పిరి. పిమ్మట పురుగుమందుల అవశేషములే ముఖ్యకారణమని నిపుణులు అభిప్రాయపడిరి. దీనినుండి మనము నేర్వవలసినదేమనగా, ఒక పదార్థము కనబడినంతమాత్రమున అదియే రోగకారణమని తీర్పు చెప్పరాదు. అయితే నీటిని, మంటిని, ఆహారమును ఎప్పటికప్పుడు పరీక్షించి లెక్క వ్రాసియుంచుకొననియెడల, ఆపద వచ్చిననాడు కారణము వెదకుట చీకటిలో సూదిని వెదకినట్లుండును.

విశాఖపట్టణమున మరియొక దృష్టాంతము కనబడును. అక్కడ మేఘాద్రిగెడ్డకు అడ్డకట్ట వేసి పట్టణమునకు త్రాగునీరు తీసికొనుచున్నారు. ఆ గెడ్డయే దిగువకు పారి, 1933లో తెరువబడిన రేవులోనికి చేరును. రేవు లోపలి భాగము కొండలచాటున ఇరుకుగా నుండుటచేత సముద్రపు పోటుపాటులు దానిని చక్కగా కడుగజాలవు. చుట్టును జింకు కరగించు కార్ఖానా, నూనె శుద్ధిచేయు కార్ఖానా, ఎరువుల కార్ఖానా మొదలగునవి వెలసినవి. జింకు కార్ఖానా 1977లో ఆరంభమై, ఇప్పుడు పనిచేయుట మానినది. అయినను రేవు అడుగుమంటిలో జింకు, సీసము, కాడ్మియము హెచ్చుగా నున్నట్లు శాస్త్రజ్ఞులు చూపిన పొరలు కార్ఖానా మూసినంతనే మాయము కావు.

6. దూరదేశముల పాఠములు

దక్షిణ కొరియాలో 1994లో సిహ్వా అనుచోట 12.7 కిలోమీటర్ల గోడ కట్టి, సముద్రమును వేరుచేసి, లోపల మంచినీటి జలాశయము చేయదలచిరి. ఉద్దేశము మంచిదే, పైరులకు నీరు కావలెను. అయితే ఒడ్డుననున్న కార్ఖానాల మురుగును ముందుగా ఆపలేదు. ఇదివరకు పోటుపాటులతో సముద్రమునకు పోవుచున్న మాలిన్యము గోడలోపల చిక్కుకొన్నది. నీరు చెడిపోయి, అడుగుమంటిలో రాగి, జింకు, సీసము పేరుకొన్నవి. కొన్నియేండ్లకే మంచినీటి ఆలోచన విడిచి, సముద్రపు నీటిని మరల లోనికి విడిచిరి. 2011లో ఆ గోడకే 254 మెగావాట్ల పోటువిద్యుత్కేంద్రమును అమర్చి, నీరు రాకపోకలు సాగునట్లు చేసిరి. ఉప్పుటేటిమీద అడ్డకట్ట వేసి ఉప్పునీటిని ఆపవలెనని మన యొద్దను ఆలోచనలు గలవు. అట్టి కట్ట కట్టువారు మొదట సిహ్వాను తలచుకొనవలెను: కట్టకు ముందు మురుగును బాగుచేయవలెను.

జపానులో మినమాటా అను పట్టణమున ఒక రసాయన కార్ఖానా 1932 మొదలు 1968 వరకు పాదరసము కలిసిన నీటిని అఖాతములోనికి విడిచెను. నీరు చూచుటకు నీలముగానే యుండెను. చేపలు తిన్న పిల్లులు పిచ్చెత్తినట్లు గంతులు వేసి చచ్చెను, పిమ్మట మనుష్యులు. 1956లో ఆ రోగము బయటపడినది. విషము ఆగినపిమ్మటకూడ బురద మిగిలినది. 1977 మొదలు 1990 వరకు సుమారు 15 లక్షల ఘనపు మీటర్ల బురదను తోడి, 58 హెక్టార్ల మేర పూడ్చి, పైన మంచిమన్ను కప్పవలసివచ్చెను. ముప్పదియారేండ్లు పారబోసినదానిని ఎత్తుటకు పదమూడేండ్లు పట్టినది. చనిపోయినవారు మాత్రము తిరిగి రాలేదు. పాదరసమును అదుపుచేయుటకు 2013లో అనేక దేశములు చేసికొన్న ఒడంబడికకు ఆ ఊరి పేరే పెట్టిరి.

7. అడుగుమంటిని ఎట్లు పరీక్షింతురు?

పొడవైన గొట్టమును బురదలో నిలువుగా దింపి పైకి తీసినచో, పొరలన్నియు క్రమముగా వచ్చును. పైపొర నిన్నటిది, క్రిందిపొర తాతలనాటిది. సీసము-210 అను ఒక జాతి సీసము సుమారు 22 ఏండ్లకు సగమగు స్వభావము గలది. దాని పాలునుబట్టి ఏ పొర ఏ సంవత్సరమున దిగినదో లెక్కింతురు. పిమ్మట ఒక్కొక్క పొరలోని సన్నని రేణువులను జల్లించి, ఆమ్లములో కరగించి, యంత్రములతో లోహములను కొలుతురు.

ఇక్కడ తొందరపడువారు ఒక పొరపాటు చేయుదురు. అంకె పెద్దదిగా నున్నంతనే విషమని కేకవేయుదురు. మన నడిగడ్డ నేలకు క్రింద నున్నది ఎక్కువగా నల్లసేనపురాయి, గ్రానైటు జాతి. కృష్ణ ఎగువభాగమున మహారాష్ట్రములో నున్నది అగ్నిపర్వతముల నల్లరాయి. దానిలో రాగి, నికెలు స్వభావముచేతనే హెచ్చు. కావున కృష్ణ ఒండ్రులో రాగి కొంత హెచ్చుగా నుండుట ప్రకృతిసిద్ధము. నిజము తెలియుటకు పైపొరను అదే జలాశయపు లోతైన పాతపొరతో పోల్చవలెను. లోహమును మంటిలోని అల్యూమినియముతోగాని ఇనుముతోగాని సరిచూడవలెను. పాతపొరకంటె పైపొరలో పాలు పెరిగియున్నచో, ఆ పెరుగుదల మనుష్యులదని అనుమానింపవచ్చును.

8. మనము చేయదగినది

మన రైతులు చెరువుమన్ను పొలమునకు తోలుట పూర్వాచారము. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో ఆ యాచారమునకు బలము కలిగి, వేలకొలది చెరువుల పూడిక చేలకు చేరినది. అది మంచిపని, ఒండ్రు పైరుకు బలము. ఊరిమురుగుగాని కార్ఖానానీరుగాని చేరని చెరువు మంటిని సంతోషముగా తోలుకొనవచ్చును. మురుగు చేరు చెరువైనచో ముందు పరీక్ష చేయించుట వివేకము. నేలపరీక్షా కేంద్రములలో సాధారణముగా చూచునది పైరుకు కావలసిన పోషకములను. సీసము, కాడ్మియము చూడవలెనని ప్రత్యేకముగా అడుగవలెను.

ఇంట చచ్చిన బ్యాటరీలను, పగిలిన పాదరసపు ఉష్ణమాపకములను, రంగుడబ్బాలను కాలువలో పారవేయకుడు. 2022 నియమములప్రకారము పాతబ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత తయారుచేయువారిది; అమ్మినవానికే ఇచ్చివేయుడు. జూరాలకట్టయొద్ద వేయించిన చేపలకై పరయూళ్లవారు వచ్చుట మీరెరుగుదురు. ఆ చేపయు, దానిని పట్టు బెస్తవాని బ్రదుకును అడుగుమంటి శుభ్రతమీదనే ఆధారపడియున్నవి. కృష్ణ దిగువను కోట్లమంది ఈ నీటినే త్రాగుచున్నారు. ఎగువవారు మన నీటిని శుభ్రముగా ఉంచవలెనని కోరు హక్కు మనకున్నట్లే, దిగువవారికిని మనయందు ఆ హక్కు గలదు.

నీరు తేటగా నున్నదా యని మన పెద్దలు అడిగిరి. ఇకమీదట మనము రెండవ ప్రశ్నకూడ అడుగవలెను: దాని అడుగున ఏమున్నది?

అభ్యాసము

1. పేడకును సీసమునకును నీటిలో కలుగు గతిభేదమును వివరింపుము.
2. నీటిని కాచుటవలన ఏది తొలగును? ఏది తొలగదు?
3. ఉప్పునీరు వచ్చుటచేత అడుగుమంటిలో కలుగు రెండు మార్పులను వ్రాయుము.
4. జూరాల పూడికలోని రాగిని కొలిచి, అంకె హెచ్చుగా నున్నదని ఒకడు చెప్పెను. తీర్పు చెప్పకముందు నీవతనిని ఏ రెండు ప్రశ్నలు అడుగుదువు?
5. మీ ఊరి చెరువులోనికి నీరు వచ్చు దారులన్నిటిని తిరిగి చూచి, పటము గీసి, ఏ దారిన మురుగు చేరుచున్నదో గుర్తింపుము.